టీ తాగకముందే సరే అన్నాను

మనుషులను తాగుడు ముంచుతుంది, పేకాట ముంచుతుంది, మా వైపు అయితే వానాకాలంలో గోదావరి కూడా ముంచుతుంది. నన్ను మాత్రం ఒక ఇంగ్లిష్ విశేషణం ముంచింది. కనీసం నామవాచకం ముంచినా కొంత గౌరవంగా ఉండేది. దాని పేరు డెసిసివ్. ఆ ఒక్క మాట పట్టుకుని నేను చేసిన ఘనకార్యం వల్ల ఒక పెళ్లి సంబంధం, ఒక మేనమామ పరువు, ఒక ఫారెస్టు చెక్‌పోస్టు ప్రశాంతత మూడూ ఒకేసారి గంగలో కలిశాయి. ఎలా కలిశాయో చెబుతాను, గుండె దిటవు చేసుకుని వినండి. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. మా చుట్టాలు ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, నాకు అలవాటైపోయింది.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మా తల్లాడా, అడవి అంచున ఉండే ములకలపల్లీ అప్పటికి ఒకే ఖమ్మం జిల్లా. నేను ఖమ్మంలో ఒక పంపుసెట్ల షాపులో సేల్స్‌మన్‌ని. ఖానాపురం హవేలిలో కిరాయి గది. నాయన తల్లాడ దగ్గర ఊళ్లో మిరప తోట చూసుకునేవాడు. మా షాపు యజమాని త్వరలో ఒకరిని సేల్స్ ఆఫీసర్ చేస్తాననీ, దానికి నాలుగు ఇంగ్లిష్ ముక్కలూ నలుగురిలో మాట్లాడే ధైర్యమూ కావాలనీ అన్నాడు. ఆ రెండూ ఆదివారం ఆదివారం నేర్పే చోటొకటి ఉందంటే వెళ్లి చేరాను.

అక్కడ మాస్టారు మే నెల ఎండలో టై కట్టుకుని తిరిగేవాడు. ఖమ్మం ఎండలు తెలిసినవాళ్లకు ఆ మనిషి ఎలాంటివాడో ఇంక వేరే చెప్పనక్కర్లేదు. వారానికొక మాట బోర్డు మీద రాసి, దాన్ని బట్టీ పట్టొద్దు, ఆ వారమంతా ఆ మాటలాగా బతకండి అనేవాడు. పంక్చువల్ అన్న వారం నేను షాపు తాళాలు తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. చీర్‌ఫుల్ అన్న వారం మోటారు కాలిపోయిందని ఏడుస్తూ వచ్చిన రైతును చూసి నవ్వి తిట్లు తిన్నాను. అక్కడితో పోయింది. ఆ తర్వాతి ఆదివారమే, నా ఖర్మ కాలి, ఆయన డెసిసివ్ అని రాశాడు.

నిర్ణయం తీసుకోవడంలో గట్టివాడు అని దాని అర్థం చెప్పాడు. అంతటితో ఆగితే నా బతుకు సుఖంగా ఉండేది. మన జనం వెనకబడిపోవడానికి "చూద్దాం" అన్న మాటే కారణమన్నాడు. డెసిసివ్ మనిషి నోట చూద్దాం అన్నది రాదన్నాడు. అడిగిన వెంటనే అవుననో కాదనో తేల్చేస్తాడు, తేల్చాక తల తెగినా మాట మార్చడు అన్నాడు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మా వంశమంతా చూద్దాం వంశమే. మా నాయన ఒక ఎద్దును కొనాలంటే దాని చుట్టూ వారం తిరిగేవాడు. ఎద్దే విసిగిపోయి మా ఇంటికి వచ్చేసేదేమో అనిపించేది. ఈ వంశాన్ని ఉద్ధరించడానికే నేను పుట్టానని ఆ బెంచీ మీద కూర్చునే తేల్చుకున్నాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త మాట నేర్చినవాడు దిక్కు కూడా ఎరగడు. మర్నాడు పొద్దున షేర్ ఆటో ఆగితే ఎటు పోతుందని అడగకుండా ఎక్కేశాను. మా షాపున్న బస్టాండు వైపు కాదని సగం దారిలో డ్రైవరే చెప్పి, దిగి అవతలి వైపు ఎక్కమన్నాడు. ఎక్కాను కదా, ఇక దిగేది లేదన్నాను. ఊరవతల పత్తి చేల దాకా వెళ్లి, అదే ఆటోలో తిరిగొచ్చాను. మంగలి షాపులో ఎలా కొట్టమంటారంటే ఆలోచించకుండా పొట్టిగా అన్నాను. అతను ఒక పక్క కొట్టి, ఇంత పొట్టి బాగుండదు సార్, రెండో పక్కన్నా కొంచెం ఉంచనా అన్నాడు. నా మాట మాటే అన్నాను. అద్దంలో నన్ను చూసుకుంటే కోసిన వరిమడిలా ఉన్నాను. అయినా మనసులో గర్వంగానే ఉంది.

సరిగ్గా ఆ తల మీదికే పెళ్లి చూపులు వచ్చిపడ్డాయి.

సంబంధం తెచ్చింది మా సత్తెం మామయ్య, అమ్మకు అన్న. మా చుట్టాల్లో ఎవరి పెళ్లి మాటలైనా ఆయన నోటి మీదుగా పోవాల్సిందే. అమ్మాయి పేరు సుజాత. బీఈడీ చేసి ములకలపల్లిలో పిల్లలకు ఇంగ్లిష్ చెబుతోంది. తండ్రి భిక్షమయ్యగారు ఫారెస్టు గార్డు. మంచి కుటుంబం, మాట మీద నిలబడే మనుషులు, ఈ సంబంధం పోతే మళ్లీ ఇలాంటిది దొరకదని మామయ్య ముందే చెప్పాడు.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి మీకు చెప్పాలి, లేకపోతే నా నేరం తీవ్రత మీకు అందదు. పెళ్లి చూపులకు వెళ్లిన మగపెళ్లివారు ఆ ఇంట్లో సరే అనరు. ఆ పిల్ల సాక్షాత్తు లక్ష్మీదేవే అయినా అనరు. టీ తాగుతారు, వానల గురించీ మిరప రేటు గురించీ మాట్లాడతారు, లేచి "ఇంటికి పోయి కబురు చేస్తం" అంటారు. నచ్చినా అదే మాట, నచ్చకపోయినా అదే మాట. తర్వాత నాలుగు రోజులు రెండు వైపులా ఎవరూ కిక్కురుమనరు. దించిన అన్నం కాసేపు మూతపెట్టి ఉమ్మగిల్లనిస్తాం చూడండి, అలా ఉమ్మగిల్లాలి. ఆ నాలుగు రోజుల్లోనే వాళ్లు మన గురించీ మనం వాళ్ల గురించీ అడగాల్సిన వాళ్లను అడుగుతాం. వద్దనుకున్నా ఎవరి ముఖమూ చిన్నబోదు.

జీపు మాట్లాడుకుని కల్లూరు, సత్తుపల్లి, దమ్మపేట మీదుగా బయలుదేరాం. దారి పొడుగునా మామయ్య నాకు పాఠం చెబుతూనే ఉన్నాడు. నువ్వు నోరు తెరవద్దు, అడిగితే ఉద్యోగం చెప్పు, పిల్ల నచ్చితే జీపెక్కినాక చెప్పు, అక్కడ మాట్లాడేది నేనొక్కణ్నే అన్నాడు. నేను కిటికీలోంచి అడవిని చూస్తూ తలూపాను. చూద్దాం వంశానికి ఆయన అధ్యక్షుడిలా కనిపించాడు నాకు.

భిక్షమయ్యగారి ఇల్లు చిన్న పెంకుటిల్లు. ఇన్నేళ్లు టేకు చెట్ల మధ్య ఉద్యోగం చేసిన మనిషి ఇంట్లో ఒక్క టేకు చెక్క లేదు. కుర్చీలు ప్లాస్టిక్‌వి, బల్ల ఇనుపది, తలుపులు రేకువి. ఎవరైనా వేలెత్తి చూపుతారని ఆయన చెక్క వస్తువే ఇంట్లోకి రానివ్వలేదట. ఆయన మాట్లాడుతున్నంతసేపూ మన ముఖం చూడడు, మన వెనకాల ఏముందో చూస్తాడు. నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను.

మిరపకాయ బజ్జీలు వచ్చాయి, టీ వచ్చింది, అరటిపండ్ల పళ్లెం పట్టుకుని సుజాత వచ్చింది. ఆమె పళ్లెం బల్ల మీద పెట్టిందో లేదో, కిటికీలోంచి కోతి ఒకటి దూకి ఒక పండు లాక్కుంది. మామయ్య కుర్చీ ఎక్కాడు. మా అమ్మ కొంగు కప్పుకుంది. భిక్షమయ్యగారు కర్ర కోసం లోపలికి పరుగెత్తారు. సుజాత మాత్రం ఆ కోతిని ఒక్క చూపు చూసి, పళ్లెం తన వైపు లాక్కుని మీద గిన్నె బోర్లించింది. పోయిన పండు జోలికి పోలేదు. కోతి కాసేపు చూసి, ఇక్కడ లాభం లేదని వెళ్లిపోయింది. ఆమె ఏమీ జరగనట్టే కూర్చుని కొంగు సర్దుకుంది.

ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఆ క్షణాన ఆమె నా భార్య కాకపోతే బతకడం దండగ అనుకున్నాను. అక్కడే కూర్చుని గుటకలు మింగి ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ బోర్డు మీది మాట కళ్ల ముందు కదిలింది. లేడికి లేచిందే పరుగన్నట్టు లేచి నిలబడ్డాను. చేతిలో టీ ఇంకా పొగలు కక్కుతోంది.

"నేను డిసైడ్ అయిన," అన్నాను. "అమ్మాయి నాకు నచ్చింది. ముహూర్తం పెట్టించండి."

మామయ్య టీ పంచె మీద ఒంపుకుని కాలుతోందని కూడా మరిచిపోయాడు. నాయన దగ్గడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. భిక్షమయ్యగారు మొదటిసారి నా వెనకాల చూడడం మాని నా ముఖంలోకి చూశారు.

"గంత జల్దీ ఏంది బాబూ?" అన్నారు నెమ్మదిగా.

"నేను డెసిసివ్ మనిషినండి మామయ్యగారూ," అన్నాను.

సుజాత తల్లి ముఖం పాలిపోయింది. "అది ఎన్నేండ్ల నుంచి ఉంది అయ్యా?" అంది జాలిగా.

"ఈ మధ్యనే మొదలైందండి," అన్నాను. "ఇక తగ్గనియ్యను."

మామయ్య సర్దబోయాడు. పిల్లగానికి ఎండ తగిలిందన్నాడు. జీపులో పడలేదన్నాడు. రాత్రి నిద్ర లేదన్నాడు. మూడు కారణాలు చెప్పేసరికి ఉన్న రోగం ఒకటి మూడైంది. సుజాత తలొంచుకుని ఉంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చివరికి మామయ్య బలం కూడగట్టుకుని, ఇంటికి పోయి కబురు చేస్తం అన్నాడు.

"మీరెందుకు చేసుడు?" అన్నారు భిక్షమయ్యగారు. "మీ పిలగాడు చెప్పనే చెప్పిండు కదా. ఇగ మేమే చేస్తం."

ఆచారం తలకిందులైంది. తిరుగు ప్రయాణంలో దమ్మపేట దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. దాటాక అందరూ ఒకేసారి మాట్లాడారు. ఇన్ని పెళ్లిళ్లు చేశాను, ఏ పెళ్లిలోనూ పిల్లగాడికి నోరుందని తెలియనియ్యలేదు అన్నాడు మామయ్య. ఆలు లేదు చూలు లేదు ముహూర్తం ఎప్పుడన్నాడట అంది మా అమ్మ. ఇక ఈ సంబంధంలో తాను వేలు పెట్టనని మామయ్య తల్లాడలో జీపు దిగి నడిచి వెళ్లిపోయాడు.

వాళ్ల దగ్గరినుంచి కబురు రాలేదు. వారం పోయింది, ఇంకో వారం పోయింది. ఆ వారాల్లో వాళ్లు ఏం చేశారో నాకు తర్వాత తెలిసింది. భిక్షమయ్యగారు సెలవు పెట్టి, తెల్ల చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని ఖానాపురం హవేలిలో దిగారు. కూపీ లాగడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మా ఇంటి ఓనరమ్మ నన్ను బంగారు కొండ అంది. ఆయనకు అనుమానం పెరిగింది. ఆటో డ్రైవరును అడిగితే, ఎటు పోవాలో తెలియదు సార్ ఆయనకు, దిగమన్నా దిగడు, కిరాయి మాత్రం మంచిగ ఇచ్చిండు అన్నాడు. మంగలిని అడిగితే చేతులు జోడించి, ఆ సార్ తల నేను చెడగొట్టలేదండీ, ఆయనే అట్ల చెయ్యమన్నడు, నా షాపు పేరు చెప్పకండి అన్నాడు. మా యజమాని మంచి కుర్రాడేననీ, ఈ మధ్య మాత్రం ఒక రైతు ఏడుస్తుంటే పక్కన నిలబడి నవ్వాడనీ చెప్పాడు. ఈ సాక్ష్యాలన్నీ మూటగట్టుకుని ఆయన బస్సెక్కారు. ఇన్ని విన్నాక కూడా ఆయన వెంటనే కాదనలేదంటే ఆ మనిషి ఎంత నిదానస్తుడో చూడండి.

ఈ లోపు నేను తల్లాడ వెళితే నాయన నన్ను తోట గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాడు. మామయ్య కాళ్లు పట్టుకో, ఆయన పోయి రెండు మాటలు మాట్లాడితే అంతా సర్దుకుంటది, నువ్వు ఒక్క అడుగు వెనక్కి వెయ్యి చాలు అన్నాడు. వెనకడుగు వేసేవాడు డెసిసివ్ ఎట్లయితడన్నాను. నాయన కండువా దులుపుకున్నాడు. నీకు పిల్ల కావాల్నా ఆ మాట కావాల్నా అన్నాడు. దానికి జవాబుగా లేచి చెప్పులేసుకున్నాను. అయినా బుద్ధి రాలేదు.

తిన్నగా మాస్టారి దగ్గరికే వెళ్లాను. విషయమంతా చెప్పి, నేను స్వయంగా ములకలపల్లి వెళ్లాలా, ఇక్కడే ఎదురుచూడాలా, ఒక్క ముక్కలో చెప్పండి సార్ అన్నాను. ఆయన టై సర్దుకున్నాడు. ఫ్యాను వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూద్దాం," అన్నాడు. "ఆలోచించి చెప్త."

మీరైతే అక్కడే తలుపు దగ్గర చెప్పులు వదిలేసి పారిపోయి ఉండేవారు. నేను మాత్రం గురువును మించిన శిష్యుణ్ని అయ్యానని పొంగిపోయి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

భిక్షమయ్యగారు ఊరి బయట చెక్‌పోస్టు దగ్గర డ్యూటీలో ఉన్నారు. రోడ్డుకు అడ్డంగా గేటు కర్ర, పక్కన రేకుల గది, లోపల ఒక ప్లాస్టిక్ కుర్చీ. నన్ను చూసి ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. దొంగ తిరిగి అదే దారిన వస్తాడని తెలిసిన మనిషిలా చూశారు.

"నమస్తే మామయ్యగారూ," అన్నాను.

"అప్పుడే మామయ్యనా?" అన్నారు.

కూర్చోమనలేదు. తాగుతవా అన్నారు. లేదన్నాను. సిగరెట్టు? లేదు. పేకాట? లేదు. ఇదివరకు ఏ పిల్లకన్నా మాటిచ్చినవా? లేదు. ప్రశ్న పూర్తి కాకముందే నా జవాబు వెళ్లిపోతోంది. జవాబు వెళ్లేకొద్దీ ఆయన కళ్లు చిన్నవవుతున్నాయి. నేను నిజమే చెబుతున్నాను. అయినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవాలనిపించింది.

"నీకొకటి చెప్తా ఇను," అన్నారు చివరికి. "ఈ గేటు కాడ లారీ ఆపుతం. లోడు చూపియ్యమంటే మంచి డ్రైవరు గులుగుతడు. టైం అయితుందంటడు, తాళ్లిప్పాల్నా అంటడు, తిట్టుకుంట ఇప్పుతడు. దాంట్ల ఏం ఉండదు. అడగకముందే దిగొచ్చి, చూసుకోండి సార్, మొత్తం చూసుకోండి అని నవ్వుకుంట అంటడు చూడు, వాని లోడు కింద టేకు దుంగలుంటయ్. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ తప్పలే. నువ్వు మా ఇంట్ల గిట్లనే లేసి నిలబడ్డవు."

నా లోడు కింద ఏమీ లేదు మామయ్యగారూ అన్నాను. వాళ్లూ గట్లనే అంటరన్నారు. అప్పుడు నేను కొంచెం నిదానంగా జవాబులు చెప్పి చూశాను. ఇప్పుడెందుకు ఆలోచిస్తున్నవన్నారు. జల్దీగా చెబితే దొంగనవుతున్నాను, మెల్లగా చెబితే మరీ పెద్ద దొంగనవుతున్నాను. ఇంతలో ఒక కట్టెల లారీ వచ్చి ఆగింది. ఆయన నన్ను వదిలి దాని దగ్గరకు పోలేదు. నేను పారిపోతానేమో అన్నట్టు ఒక కన్ను నా మీదే ఉంచి, లారీ డ్రైవరును ఆగమని చెయ్యి చూపించారు. వాడు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయాడు.

అప్పుడు సుజాత వచ్చింది. స్కూలు నుంచి మధ్యాహ్నం తండ్రికి అన్నం క్యారేజీ తెచ్చింది. టీవీఎస్ మోపెడ్‌కు స్టాండు వేసి, నన్ను చూసి, తండ్రిని చూసి, లారీని చూసింది. ముందు తండ్రికి లారీ సంగతి చూడమని చెప్పింది. ఆయన అటు వెళ్లాక నా వైపు తిరిగింది.

"మీరు ఆనాడు చెప్పిన మాట నేను తొమ్మిదో తరగతికి చెప్త," అంది. "డెసిసివ్ అంటే అందరికంటే ముందుగాల లేసి చెప్పేటోడని చెప్పను. ఎవరి వల్ల సంగతి తేలుతదో వాళ్లు డెసిసివ్ అని చెప్త. మ్యాచ్‌ల ఆఖరి గోల్ డెసిసివ్. అది పడ్డంక ఇంకో మాట ఉండదు. మీరు లేసి చెప్పినంక ఏం తేలింది? మా అమ్మకు నిద్ర పడతలేదు. మా నాయన డ్యూటీ ఇడిసి మీ ఊరంత తిరిగిండు. మీ మామయ్య అలిగిండంట. ఒక్కటన్నా తేలిందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"సరే, ఇది చెప్పండి. నేను ఎందుకు నచ్చిన మీకు?"

ఈ ప్రశ్న ఆ మాస్టారి సిలబస్‌లో లేదు. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. నచ్చిందని మాత్రం తెలుసు. ఎందుకో వెతుక్కుంటూ నిలబడిపోయాను. వెనకాల లారీ తాళ్లు విప్పారు, చూశారు, మళ్లీ కట్టారు. గేటు లేచింది, లారీ వెళ్లిపోయింది, దాని దుమ్ము కూడా అణిగింది. భిక్షమయ్యగారు తిరిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేనింకా నోరు తెరిచే ఉన్నాను.

"తెల్వదు," అన్నాను చివరికి. "ఆలోచించుకొని చెప్పాలె."

భిక్షమయ్యగారు నన్ను కింది నుంచి పైదాకా కొత్తగా చూశారు. ప్లాస్టిక్ కుర్చీ నా వైపు జరిపారు. "కూసో," అన్నారు. "అన్నం తిని పో."

ఆ చెక్‌పోస్టులో తిన్న గోంగూర పప్పు రుచి గురించి చెప్పాలంటే ఇంకో కథవుతుంది. భోజనం చేస్తున్నంతసేపూ ఆయన వానల గురించీ మిరప రేటు గురించీ మాట్లాడారు. నేను కూడా మాట్లాడాను. లేచేటప్పుడు, మీ పెద్దోళ్లని పంపు అన్నారు అంతే. ఆ మాట వింటే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పెద్దవాళ్లను పంపడం అంత తేలికా? మామయ్య అలక పాన్పు మీద ఉన్నాడు. వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు, అలాగని లేవమని కూడా అనలేదు. ఈ పిలగాడు నోరు మూసుకొని ఉంటడా అని నా ముందే మా అమ్మను అడిగాడు. ఉంటడంది మా అమ్మ. ఉంటవా అని నన్నడిగాడు. నేను జవాబు చెప్పకుండా తలొంచుకున్నాను. అది ఆయనకు బాగా నచ్చింది. వారం రోజులు కోడికూరతో సేవలు చేయించుకుని, మంచిరోజు చూసుకుని, కొత్త పంచె కట్టుకుని ములకలపల్లి వెళ్లాడు. తీరిగ్గా టీ తాగాడు. వచ్చేటప్పుడు ఆచారం ప్రకారం, ఇంటికి పోయి కబురు చేస్తం అని నిండుగా, గంభీరంగా అన్నాడట. ఆ మాట అనడానికి ఆయన ఎన్ని రోజులు ఆగాడో పాపం. వాళ్లూ ఆచారం ప్రకారమే, మేం గూడ ఒక మాట అనుకొని చెప్తం అన్నారట. మళ్లీ అన్నం ఉమ్మగిల్లడం మొదలైంది.

ఆ రోజుల్లో నేను నా గదిలో కూర్చుని నిజంగానే ఆలోచించాను. ఆమె ఎందుకు నచ్చిందో మెల్లగా తెలిసొచ్చింది. చిన్నప్పటినుంచీ నాకు ఏది చేయాలో తేలక భయం. ఆ భయాన్ని కప్పిపెట్టుకోవడానికే ఆ ఇంగ్లిష్ మాటను దుప్పటిలా కప్పుకున్నాను. ఆమెకు ఆ భయం లేదు. అందరూ కంగారుపడే చోట ఆమె ఏది పోయిందో ఏది మిగిలిందో చూసుకుని కూర్చోగలదు. అలాంటి మనిషి పక్కన ఉంటే నేను తీరిగ్గా భయపడొచ్చు. ఇంతకంటే మంచి కారణం నాకు ఈనాటికీ దొరకలేదు. ఆమె కాదంటే ఏమవుతానో ఆలోచించడానికి కూడా ధైర్యం చాలక, ఆ ఒక్కటీ ఆలోచించకుండా వదిలేశాను.

ఒక సాయంత్రం ఓనరమ్మ కిందినుంచి పిలిచింది. ఫోనొచ్చిందట. వెళ్లి అందుకుంటే అవతల సుజాత. తండ్రి ఎంక్వైరీలో భాగంగా తెచ్చుకున్న నంబరట. రేపు వాళ్ల పెద్దలు మామయ్యకు కబురు చేస్తున్నారని చెప్పింది. ఏం కబురో అడగకుండా రిసీవరును చెవికి గట్టిగా నొక్కుకున్నాను. సరే అనే కబురు అని ఆమే చెప్పింది. ఓనరమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసి మరీ వింటోంది.

"మీరు గూడ బాగ ఆలోచించుకున్నరా?" అన్నాను.

"నేను ఎప్పుడో డిసైడ్ అయిన."

"ఎప్పుడు? చెక్‌పోస్టు కాడనా?"

"కాదు. మీరు చూడొచ్చిన నాడే. మీరు లేసి నిలబడకముందే."

ఇన్నాళ్ల మా అమ్మ దెప్పుళ్లు, నాయన దగ్గు, మామయ్య అలక, నా బస్సు ప్రయాణాలు, ఆమె తండ్రి గొడుగు, అన్నీ కళ్ల ముందు వరసగా తిరిగాయి.

"మరి ఆనాడే ఒక్క మాట అనకపోయిన్రు?" అన్నాను.

"అనకుంటెనే మంచిదయింది," అంది సుజాత. "నేను గూడ గంత జల్దీ సరే అన్ననంటే, మా నాయన నా మీద గూడ ఎంక్వైరీ ఏస్తుండె."

నవ్వుతూ ఫోను పెట్టేసింది. నా కంటే ముందే తేల్చుకున్న మనిషి, ఇన్నాళ్లూ నోరు మెదపకుండా, ఎవరికీ నిద్ర చెడగొట్టకుండా, తన పాఠాలు తాను చెప్పుకుంటూ కూర్చుంది. సంగతి తేల్చింది ఆమే. నేను చేసిందల్లా తేలిపోయిన సంగతిని మళ్లీ ముంచడం.

సేల్స్ ఆఫీసర్ ఉద్యోగం సంగతి అడుగుతారేమో. అది ఇంకొకరికి వచ్చింది. నేను బాధపడలేదు, అప్పటికి మా పెళ్లి శుభలేఖలు పంచుతూ తిరుగుతున్నాను.

పెళ్లయిన వారంలో భద్రాచలం వెళ్లాం. రాముల వారి దర్శనం అయ్యాక మెట్లు దిగి గోదావరిలో మోకాళ్ల లోతున నిలబడ్డాం. ఇన్ని కుటుంబాలను ఇంత తిప్పలు పెట్టినందుకు మీరొక ఒట్టు వేయాల్సిందే అంది మా ఆవిడ. దోసిట్లో నీళ్లు తీసుకుని, కళ్లు మూసుకుని, నలుగురు భక్తులు వింటుండగా గట్టిగా చెప్పాను. ఇకమీదట ఈ జన్మలో ఎవరు ఏది అడిగినా, వెనకాముందు చూసుకోకుండా, తిని పడుకుని లేచి ఆలోచించకుండా, సరే అనే మాట నా నోట రాదు, గోదావరి తల్లి సాక్షి. నీళ్లు వదిలేశాను. ఈ ఒట్టు వేసేముందు ఎంతసేపు ఆలోచించారని మీరు అడగొచ్చు. మా ఆవిడ వేయమంది, నేను వెంటనే సరే అన్నాను.